ఆరు లైన్ల బోర్డు

రేవుపాలెం పాలకేంద్రం గోడకి ఒక నల్లబోర్డు ఉంది. దాని మీద ఆరంటే ఆరే లైన్లు పడతాయి. ఏడో లైను ఇరికించాలంటే అక్షరాలు చిన్నవి చెయ్యాలి. చిన్నవి చేస్తే క్యూలో చివరనున్నవాళ్లకి కనబడవు. కనబడకపోతే ఊరుకునే మనుషులు కారు, "ఏంటండీ ఈ చీమలబారు" అని మొహం మీదే అడిగేస్తారు. అందుకని సీతారామాంజనేయులుగారు ఏనాడూ ఆరు లైన్లు దాటలేదు. వచ్చిన చిక్కంతా అక్కడే వచ్చింది.

మోపిదేవికి ఆరు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ ఊరే ఆయనది. ఉద్యోగం మాత్రం ముప్పై రెండేళ్లు బందరులో, ఒక వారపత్రిక ఆఫీసులో. పేజీలు కూర్చడం, ప్రూఫులు దిద్దడం, పేజీ చివర మిగిలిన ఖాళీల్ని ఏదో ఒకటి పెట్టి నింపడం ఆయన పని. ఖాళీ నాలుగు వేళ్లుంటే ఒక వింత, రెండు వేళ్లుంటే ఒక జోకు. ఆక్టోపస్‌కి మూడు గుండెలుంటాయన్న సంగతి ఆ పత్రికలో ఇరవైసార్లైనా అచ్చయ్యుంటుంది, ఎందుకంటే అది సరిగ్గా రెండు లైన్లు. అదే వార్త పొడుగైపోతే? దానికి ఆ ఆఫీసులో ఒకటే సూత్రం, తోక కోసెయ్యడం. అసలు సంగతంతా ముందే వచ్చేస్తుంది, చివర ఉండేదంతా నీళ్లే అని వాళ్ల నమ్మకం. ముప్పై రెండేళ్లు తోకలు కోసిన చెయ్యి ఆయనది.

రిటైరై ఊరొచ్చాక ఆ చెయ్యి ఊరుకోలేదు. పాలకేంద్రం సెక్రటరీ రాంబాబు ఒకప్పుడు వెన్న శాతాలు రాసే బోర్డు, అవన్నీ ఫోన్లలోకి వెళ్లిపోయాక ఖాళీగా వేలాడుతుంటే, "నేను రాసుకోనా అబ్బాయ్" అని అడిగి తీసుకున్నారు. పైన ఒక మాట, తర్వాత ఒక వింత, ఒక వార్త, చివర ఒక నవ్వు. పొద్దున్నే పాలక్యాన్లతో నిలబడ్డవాళ్లకి అదే పేపరు. "గొడుగు పట్టుకెళ్లిన రోజు వాన రాదు, వాన రాని రోజు గొడుగు తిరిగి ఇంటికి రాదు" అని ఒక రోజు రాస్తే, ఆడవాళ్లు పోయిన గొడుగుల లెక్కలు చెప్పుకుంటూ అరగంట నవ్వుకున్నారు. ఎక్కడో అమెరికాలో ఒక ఊరివాళ్లు మేకని మేయరుగా ఎన్నుకున్నారని రాసినప్పుడు రాంబాబు, "మేకే నయమండీ, అది తిన్నది కళ్లకి కనబడుద్ది" అన్నాడు. పాములు పాలు తాగవని రాసిన రోజు మాత్రం అదే రాంబాబు చేతులు జోడించాడు. "బాబాయిగారూ, ఈ ముక్క నాగులచవితి వెళ్లాక రాసుకోండి. చవితికి మా అమ్మకాలన్నీ పుట్టల మీదేనండీ."

ఆయన ముందురోజు సాయంత్రమే అంతా ఒక పొడుగు పుస్తకంలో రాసుకునేవారు. పొద్దున్న దాన్ని చూసి బోర్డు మీదికి ఎక్కించేవారు. ఆ తర్వాత పుస్తకాన్ని కేంద్రం కిటికీ ఊచకి తాడుతో కట్టేసేవారు, ఆలస్యంగా వచ్చినవాళ్లు చదువుకుంటారని. ఎవరూ చదివేవాళ్లు కాదు. బోర్డుంటే పుస్తకం ఎవరిక్కావాలి?

ఆ బోర్డుకి రత్తయ్యంత భక్తుడు ఇంకొకడు లేడు. రెండు గేదెలు, ఎకరం కౌలు, నలభై ఎనిమిదేళ్ల వయసు. బడి మొహం చూడలేదు. మూడేళ్ల కిందట క్యూలో నిలబడి, "బాబాయిగారూ, ఆ సున్నాకి కొమ్మున్నదాన్ని ఏమంటారు" అని అడిగాడు. అలా రోజుకొక అక్షరం, తర్వాత రోజుకొక మాట. తన వంతు వచ్చినా క్యాను పక్కన పెట్టి, వెనకవాళ్లని ముందుకి పంపేసి, వేలితో గాలిలో గీసుకుంటూ చదివేవాడు. రెండేళ్లకి ఆరు లైన్లూ కూడబలుక్కుని పైకి చదవడం వచ్చేసింది. ఆ రోజు వాడి భార్య చిట్టెమ్మ ఆంజనేయులుగారి ఇంటికి గిన్నెడు జున్ను పట్టుకొచ్చింది. "మా ఆయన మోపిదేవి బస్సు బోర్డు చదివి నన్నెక్కించాడండీ, ఎవర్నీ అడగకుండా" అని చెప్పి, చెప్పినందుకు తనే సిగ్గుపడింది.

భాద్రపదం వచ్చింది. వరిచేలల్లో కలుపుతీతలు. గట్ల మీద రెండు పాములు కనబడేసరికి కూలీలు దిగమని మొరాయించారు. ఊరంతా అదే మాట. జనానికి కాస్త భయం తీరుద్దామనే, ఇది ఆయన మంచికే చేశారు, కాదనలేం, సోమవారం సాయంత్రం కూర్చుని పాముల గురించి పుస్తకంలో రాశారు. మన దేశంలో పాములు మూడొందల రకాలు, విషమున్నవి అరవైకి అటూఇటూ, కరిచేవాటిలో పదింటికి ఏడు విషం లేనివే. కింద ఇంకొక లైను: అయినా ఏ పామో తేల్చుకునేదాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఆ తర్వాత ఒక నవ్వు. "రోజూ ఎన్నింటికి లేస్తారు?" అని డాక్టరు అడుగుతాడు. "కరెంటు ఎప్పుడు పోతే అప్పుడండీ" అంటాడు రోగి.

మంగళవారం పొద్దున్న సుద్దముక్క పట్టుకుని లెక్క చూసుకున్నారు. మాటకి ఒకటి, వింతకి మూడు, నవ్వుకి రెండు. ఆరు. ఆసుపత్రి లైను ఏడోది. వార్తకి ఆవేళ ఎలాగూ సెలవే. ఇంక తియ్యాలంటే ఆ లైనన్నా తియ్యాలి, జోకన్నా తియ్యాలి. జోకు బాగుంది. రాత్రే మూడుసార్లు కరెంటు పోయింది కూడా. పాము కరిస్తే ఆసుపత్రికి వెళ్లాలని ఎవరికి తెలియదు? చెయ్యి దాని అలవాటు కొద్దీ తోక కోసేసింది. ఆ జోకుకి క్యూ క్యూ అంతా పగలబడి నవ్వింది. ఆయన కూడా నవ్వుకుంటూ ఇంటికెళ్లి ఇడ్లీ తిన్నారు.

పది గంటలకి చేలో చిట్టెమ్మ చీలమండ మీద ఏదో కరిచింది. మోకాలి లోతు దుబ్బుల్లో అది సర్రున జారిపోయింది, ఎవరికీ సరిగ్గా కనబడలేదు. పక్కనున్న ఆడవాళ్లు ఆటో పిలవమన్నారు. గట్టు మీద గడ్డి కోస్తున్న రత్తయ్య పరుగెత్తుకొచ్చాడు.

"కంగారుపడమాకండి. పదింటికి ఏడు విషం లేనివే. పొద్దున్నే చదివాను. నీళ్లల్లో తిరిగేది నీరుకట్టే అయ్యుంటది" అన్నాడు.

"బోర్డులో ఉందంట, మా ఆయన చదివాడు" అని చిట్టెమ్మే తోటివాళ్లకి సర్దిచెప్పింది. కాలు కడిగి, పసుపు రాసి, మోటారు షెడ్డు నీడలో కూర్చోబెట్టాడు. పన్నెండుకి కాలు వాచింది. భయపడితే ఎక్కువవుద్దని మొగుడే కబుర్లు చెప్పి నవ్వించాడు. ఆమె నవ్వింది కూడానట. మోపిదేవి స్వామికి ముడుపు కట్టుకుంది. రెండు దాటాక చిగుళ్ల నుంచి రక్తం కనబడింది. అప్పుడు ఆటో, అప్పుడు అవనిగడ్డ. రక్తపింజరన్నారు ఆసుపత్రిలో. చెయ్యగలిగినవన్నీ చేశారు. పొద్దున్నే తెచ్చుంటే బాగుండేదని డాక్టరు మెల్లిగా అన్నాడు. సాయంత్రం ఆరింటికి చిట్టెమ్మ పోయింది.

ఆంజనేయులుగారికి ఈ సంగతి సాయంత్రం పాలవేళకే తెలిసింది. రత్తయ్య క్యాను రాలేదేమని అడిగితే రాంబాబు చెప్పాడు, పొద్దున్న బోర్డు చదివి ఆగారటండీ అని కూడా చెప్పాడు. ఆయన బోర్డు వైపు చూశారు. డాక్టరు, రోగి, కరెంటు, అన్నీ అలాగే ఉన్నాయి. కండువా తీసి గబగబా తుడిచేశారు. ఎందుకు తుడిచారని తర్వాత ఎన్నోసార్లు తనని తానే ప్రశ్నించుకున్నారు. రోజూ తుడిచేది పొద్దున్నే కదా.

మూడో రోజున చిట్టెమ్మ తమ్ముడు వాసు పాలకేంద్రానికి వచ్చాడు. గుడివాడలో మోటారు మెకానిక్కు. వెంట నలుగురు. వాళ్ల వెనక రత్తయ్య, గడ్డం మాసి, తల వంచుకుని. ఇంకా వెనగ్గా రత్తయ్య కూతురు ప్రసన్న, అవనిగడ్డలో డిగ్రీ చదువుతున్న పిల్ల.

"ఎవరండీ ఇక్కడ పాముల గురించి రాసింది? మా అక్కని చంపిన రాత ఎవరిది?" అన్నాడు వాసు.

ఆంజనేయులుగారు క్యూ పక్కన అరుగు మీదే ఉన్నారు. ఆయన లేచేలోపే రాంబాబు అడ్డం వచ్చాడు.

"మాట జాగ్రత్త తమ్ముడూ. ఆయన అలాంటి రాతలు రాసే మనిషి కాదు. ఇదుగో పుస్తకం, నువ్వే చదువుకో" అని కిటికీ ఊచకున్న తాడు విప్పి చేతిలో పెట్టాడు.

వాసు చదివాడు. ఒకసారి మనసులో, ఇంకొకసారి పైకి. అయినా ఏ పామో తేల్చుకునేదాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ముత్యాల్లాంటి అక్షరాలు, కింద మంగళవారం తేదీ. వాసు పుస్తకం మూసి బావ వైపు తిరిగాడు.

"రాసే ఉంది కదా బావా. వెంటనే ఆసుపత్రికి వెళ్లమని రాసే ఉంది కదా."

"అది నేను చూళ్లేదురా" అన్నాడు రత్తయ్య.

"సగం చదివి సగం వదిలేసేవాడివి ఎందుకు చదివావు? చదువుకున్నవాళ్లని ఒక్క మాట అడిగితే ఏం పోయేది?"

"నాకు కనబడలేదురా" అన్నాడు మళ్లీ. వాడి వేలు గాలిలో ఏదో గీస్తోంది, ఆ లైను ఎక్కడుండేదో వెతుక్కుంటున్నట్టు.

రాంబాబు క్యూ వైపు తిరిగి, "మీరంతా చూశారుగా, ఉందా లేదా?" అన్నాడు. జనం మొహాలు చూసుకున్నారు. ఎవరికీ గుర్తులేదు. అందరికీ కరెంటు జోకే గుర్తుంది. పుస్తకంలో ఉందంటే బోర్డు మీదా ఉండే ఉంటుందన్నారు. ఆంజనేయులుగారు ఒక్క మాట అనాలి. బోర్డు మీద లేదు నాయనా, నేనే తీసేశాను. ఇంతే. నాలుక దాకా వచ్చింది కూడా. వాసు పిడికిళ్లు చూశారు, తనని వెనకేసుకొస్తున్న జనాన్ని చూశారు. ఆ మాటని మింగేశారు. వాసు ఆయన దగ్గరికొచ్చి, "తప్పుగా అన్నాను, ఏమీ అనుకోకండి" అని చేతులు పట్టుకుంటే, ఆ చేతులు పట్టుకోనిచ్చారు.

వెళ్తూ వెళ్తూ ప్రసన్న తండ్రి వైపు ఒక్కసారి చూసింది. ఆ చూపులో ఏడుపు లేదు.

ఇంటికొచ్చి భార్య రాధాకుమారిగారికి చెప్పారు. "ఇప్పుడు చెబితే చిట్టెమ్మ తిరిగొస్తుందా?" అంది ఆవిడ. "ఆ కుర్రాడి ఆవేశం చూశారుగా. ఈ వయసులో మీ మీద చెయ్యి చేసుకుంటే నేనేం చెయ్యను?" ఆవిడ భయం ఆవిడది. ఆయనకి కావాల్సింది కూడా ఆ మాటే. అందుకే ఎదురుచెప్పలేదు.

వారంపాటు చెయ్యి నొప్పని బోర్డు జోలికి పోలేదు. ఎనిమిదో రోజు రాంబాబు బోర్డు బోసిగా ఉందని పోరితే, తేనె వేల ఏళ్లైనా పాడవదని రాశారు. అవును, సిగ్గు విడిచి తేనె గురించి రాశారు. ఆ పూట రత్తయ్య క్యాను పట్టుకుని వచ్చాడు. మనిషి చస్తే చావొచ్చు, గేదె ఆగదు కదా. బోర్డు ముందు నుంచి పోతూ తల దించుకుని, కళ్లు నేల మీద పెట్టి నడిచాడు. తేనె సంగతి వాడికి అక్కర్లేకపోయింది.

పెద్దకర్మ అయిన రెండో రోజు మధ్యాహ్నం రత్తయ్య ఆంజనేయులుగారి ఇంటికొచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు, వరండా మెట్టు మీద కూర్చున్నాడు. చేతిలో ఒక పలక ఉంది. పిల్లలది, కొత్తది.

"బాబాయిగారూ, నాకు మళ్లీ మొదట్నుంచి చెప్పాలండీ."

"ఏం చెప్పాలి రత్తయ్యా?"

"అ ఆల దగ్గర్నుంచండీ. నాకు వచ్చిందనుకున్నాను గానీ రాలేదండీ. ఆ ఆసుపత్రి లైను నా కంటికి ఎందుకు ఆనలేదో ఎంత ఆలోచించినా తెలియట్లేదు. నేను కింద దాకా చదివినట్టే గుర్తండీ. కరెంటు దాకా చదివాను. మధ్యలో లైను ఎట్టా జారిపోయిందో."

ఆంజనేయులుగారు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నారు.

"మా ప్రసన్న నాతో మాట్లాడట్లేదండీ. అన్నం పెట్టుద్ది, పక్కకెళ్లిపోద్ది. నిన్న ఒక్క మాటంది. 'నువ్వు చదవడం నేర్చుకోకపోయుంటే మా అమ్మ బతికేది' అంది. దాని మాటా నిజమేనండీ. చదవడం రానప్పుడైతే పదిమందిని అడిగేవాణ్ని. ఆడోళ్లు ఆటో అన్నప్పుడే ఆటో ఎక్కించేవాణ్ని." రత్తయ్య పలక మీద అరచేత్తో తుడిచాడు, దాని మీద ఏమీ లేకపోయినా. "చదివితే పూర్తిగా చదవాలండీ. అందుకే మళ్లీ చెప్పమంటున్నాను."

లోపల గుమ్మం దగ్గర రాధాకుమారిగారు నిలబడి ఉంది. ఆవిడ కళ్లు తుడుచుకుని, భర్త వైపు చూసి, చెప్పేయమన్నట్టు తల ఊపింది. అయినా ఆ మనిషి కళ్లల్లోకి చూసి చెప్పడం ఆయన వల్ల కాలేదు. ముప్పై రెండేళ్లు రాతతో బతికిన మనిషికి రాయడం ఒక్కటే చేతనైంది.

"రేపు పొద్దున్న బోర్డు దగ్గరికి రా. అక్కడే మొదలుపెడదాం" అన్నారు.

మర్నాడు ఆయన వెళ్లేసరికి క్యూ సగం నిండింది. పుస్తకం తేలేదు. తుడిచిన బోర్డు మీద ఎప్పటిలాగే పెద్ద అక్షరాలతో, ఆరు లైన్లు రాశారు. రాసి పక్కకి జరిగారు. క్యూలో మాటలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. రాంబాబు పాలు కొలవడం ఆపేసి బయటికొచ్చాడు. రత్తయ్య మాత్రం తల ఎత్తలేదు.

"చదువు రత్తయ్యా, పైకి" అన్నారు ఆంజనేయులుగారు.

రత్తయ్య క్యాను కింద పెట్టాడు. వేలు ఎత్తి, పైనుంచి మొదలుపెట్టాడు.

"పోయిన మంగళవారం ముందు మంగళవారం… ఈ బోర్డు మీద… పాముల గురించి రాశాను. వెంటనే… ఆసుపత్రికి వెళ్లాలన్న లైను… బోర్డు మీద రాయలేదు. జోకుకి చోటు చాలక… నేనే తీసేశాను. అది… పుస్తకంలోనే ఉంది. రత్తయ్య…" తన పేరు దగ్గర ఆగాడు. మళ్లీ వేలు పెట్టాడు. "రత్తయ్య సరిగ్గానే చదివాడు. ఒక్క అక్షరం తప్పలేదు. తెలిసుండీ… నేను అందరి ముందూ… నోరు విప్పలేదు. సీతా… రామాంజనేయులు."

రత్తయ్య వేలు ఆ పేరు కిందే ఆగిపోయింది. ఆ కింద ఉన్న చెక్క అంచు మీదా, దాని కింద గోడ మీదా వెతికింది.

"కింద ఇంకేమన్నా ఉందాండీ, ఇంతేనా?"

"ఇంతే రత్తయ్యా."

రత్తయ్య తిట్టలేదు. తిడితే ఆయనకి ప్రాణం కాస్త తేలికపడేది. "అయితే తుడపమాకండి. మా పిల్ల కాలేజీ నుంచి వచ్చేదాకా ఉంచండి. సాయంత్రం బస్సుకొచ్చుద్ది" అన్నాడు. పాలు పోసి, చీటీ తీసుకుని వెళ్లిపోయాడు. జనం కూడా ఒక్కొక్కరే వెళ్లారు. రాంబాబు ఆయన మొహం చూడకుండా షట్టరు దించేశాడు.

మూడింటికి మబ్బు పట్టింది. నాలుగింటికి చినుకులు. ఎదురుజల్లు బోర్డు మీదికే కొడుతోంది. ఆంజనేయులుగారు ఇంటికెళ్లి గొడుగు తెచ్చి, బోర్డుకి అడ్డంగా పట్టుకుని నిలబడ్డారు. డెబ్బై ఏళ్లకి దగ్గరపడ్డ మనిషి, వీపు తడిసి ముద్దవుతుంటే, తన తప్పుకి తనే గొడుగు పట్టుకుని గంటన్నర నిలబడ్డారు. దారినపోయేవాళ్లు చూసి ఆగలేదు.

అయిదున్నరకి అవనిగడ్డ బస్సు వచ్చింది. రత్తయ్య అప్పటికే స్టాపులో ఉన్నాడు. ప్రసన్న దిగితే ఏమీ మాట్లాడకుండా బోర్డు వైపు చెయ్యి చూపించాడు. ఆ పిల్ల వచ్చి, గొడుగు కిందికి వంగి చదివింది. చదువుకున్న పిల్ల, ఒక్క చూపులో చదివేసింది. తర్వాత ఆయన వైపు తిరిగింది.

"ఏం జోకండీ అది?"

ఆయనకి అర్థం కాలేదు.

"మా అమ్మ లైను తీసేసి పెట్టిన జోకు. నేనావేళ కాలేజీలో ఉన్నాను, చదవలేదు. చెప్పండి."

"వద్దమ్మా."

"చెప్పండి" అంది ప్రసన్న.

ఆంజనేయులుగారు చెప్పారు. డాక్టరు అడిగింది చెప్పారు, రోగి అన్నది చెప్పారు. కరెంటు మాట దగ్గర ఆగి, మళ్లీ మొదట్నుంచి ఒక్క ముక్క తగ్గకుండా చెప్పారు. పిల్ల ఆయన మొహంలోకి చూస్తూ మొత్తం విన్నది.

"ఇంతేనా?" అంది.

"ఇంతేనమ్మా."

ప్రసన్న పుస్తకాల సంచి భుజానికి వేసుకుంది. పదమూడు రోజుల తర్వాత మొదటిసారి తండ్రి చెయ్యి పట్టుకుంది.

"పద నాన్నా, గేదెలు తడుస్తాయి" అంది.

వాళ్లిద్దరూ వానలోనే నడిచి వెళ్లిపోయారు. బోర్డు ఇంక తడిసినా ఫర్వాలేదని ఎవరూ చెప్పలేదు కాబట్టి, ఆయన గొడుగు పట్టుకుని అక్కడే నిలబడ్డారు.